అంగి ఇడిసినట్టు

బత్తాయి మొక్కల మొదళ్లు కొరుకుతున్నదని
సైకిల్ బ్రేకు తీగెతోని ఉచ్చు పెట్టింది నేనే.
పొద్దుగాల పోయి చూస్తె
ముండ్లకంచె కింద చెవులపిల్లి.
మంచుకు తడిసిన బొచ్చు.
తెరిచిన కండ్లు తోట దిక్కే ఉన్నయి.

జానయ్య చిన్నాయన అరుగు మీద కూసున్నడు.
ఏళ్లు మడవయి, మెడ తిరగది.
మర్రిగూడ బోరునీళ్లు ఆయన కీళ్లల్ల
సున్నమోలె గడ్డకట్టినయి.
ఒకప్పుడు ఊర్లె ఎవల యాట తెగినా
ఒక్క గాటు పడకుండ తోలు ఒలిచిన చేతులు.
ఇయ్యాల ఆయనకు నోరే కత్తి.

"ఎనక కాళ్లు కట్టి దూలానికి యాలాడదియ్యి.
మొక్కుతవో లేదో నీ ఇష్టం.
నేనైతె ఎన్నడు మొక్కలే,
చేతులు మాత్రం కడుక్కున్న."

హాక్సా బ్లేడు ముక్క, పిడికి ట్యూబు చుట్టింది,
ఆయనదే, నాకంటె పెద్దది వయసుల.
మడిమెల చుట్టు ఒక గీటు.
"లోతుకు పోకు, కాయితం మందమే దాని తోలు.
మేకది గాదు, నీ తప్పులు ఓర్చుకునేటందుకు."

తొడల లోపలి దిక్కు బొచ్చు పాయదీసి
మొన పైకి పెట్టి కొయ్యమన్నడు.
పైకి ఎందుకు అనడిగిన.
"కిందికి పెడితె పేగు తెగుతది.
పేగు తెగితె కూర పాయె.
కూర పోతె మీ చిన్నమ్మ నోట్ల నువ్వు పాయె."

మొదటి గుంజుడుకే పర్రుమన్నది.
రూపాయి బిళ్లంత చిల్లు.

"ఆగు. కత్తి పక్కకు పెట్టు,
ఇగ దాంతోని పని లేదు.
తోలుకు కండకు నడుమ బొటనేలు దోపు.
ఉడికిన పల్లికాయ లోపటి పొట్టు తీరు
సన్నటి పొర తగుల్తది, తగిలిందా?"

తగిలింది.
బొచ్చు చల్లబడ్డది గని
ఆ నడుమ ఇంకా కొంచెం వెచ్చగ ఉన్నది.
ఆ సంగతి ఆయనకు చెప్పలే.

"ఇగ చిన్నపోరనికి తడిసిన అంగి ఇడిసినట్టు
కిందికి తియ్యి, నిమ్మలంగ.
అది రాననే కాడ గుంజకు,
వేలుతోని బతిమిలాడు."

ముంగటి కాళ్లు అంగి చేతులల్లకెళ్లి వచ్చినట్టు వచ్చినయి.
మెడ దాక వచ్చి ఆగింది.
"చెవుల మొదట్ల మెత్తటెముక, ఆడ కొయ్యి.
అందరు ఆడనే ఆత్రపడుతరు.
చెవుల కాడ పైలం."

తిరగబడిన తోలు, నీలం తెలుపు,
చేతుల రుమాలంత బరువు లేదు.
చిన్నాయన మణికట్టు ఎనక దిక్కుతోని తడిమిండు.
సూటిగ పోయి చిల్లు కాడ ఆగిండు.
"ఒక్కటేనా? నా మొదటిదానికి ఏడు."

దాన్ని ఆరబెట్టలే.
ఫారెస్టోళ్ల చెవులు దీని చెవులకంటె పొడుగు.
తోట మూలకు గుంత తీసి పాతిపెట్టిన.
పనంత నేర్చుకున్నంక
చూపెట్టుకునేటందుకు ఏం మిగలలే.

మాపటికి నీళ్లు కాగినయి.
చిన్నాయన అంగి తీసుడు రోజు నా పనే.
రోజు గుంజుత, రోజు అబ్బా అంటడు,
రోజు యాష్ట పడుత.
ఇయ్యాల గుండీలు ఇప్పి
భుజానికి బట్టకు నడుమ బొటనేలు దోపిన.
రాననే కాడ ఆగిన.
ఒక చెయ్యి వచ్చింది, ఇంకొంచెం సేపటికి ఇంకొకటి.
ఆయన అబ్బా అనలే. నేను ఏమనలే.

బనీను తల మీదికెళ్లి తీస్తుంటె
లోపటికెళ్లి గొంతు వినొచ్చింది:
"చెవుల కాడ పైలం, బిడ్డా."