పేర్ల ఫైలు

దేవరకొండ బస్టాండు ఎదురుంగ
జిరాక్స్ దుకాణం షట్టర్ సగం దించి
రాత్రి పదకొండింటికి కూసున్న.
రేపు పొద్దుగాల రెండో వెర్షన్ విడుదల.
ప్రోగ్రాం సిద్ధమే,
పేర్ల ఫైలు ఒక్కటే బాకీ.

ఇదంత ఒక ఎర్రగీతతోని మొదలైంది.
ఎనిమిదేండ్ల కింద ఒక ముసలాయన
తాసిల్దారుకు దరఖాస్తు చెప్తుంటె
చెప్పింది చెప్పినట్టు కొట్టిన:
"పటేలు ఒచ్చిండు, గెట్టు జరిపిండు."
ఒచ్చిండు కింద ఎర్రగీత.
జరిపిండు కింద ఎర్రగీత.
"తప్పు చెప్పిన్నా బిడ్డా?" అన్నడు,
స్క్రీను దిక్కు బెదురుకుంట చూసి.
ఆ గీత చెరపాలని కూసున్నోన్ని
ఇంకా లెవ్వలే.

యంత్రం లెక్క వేరే తీరు.
ఎవరెన్ని లైన్లు రాసిన్రో అడిగితె
టకటక చూపిస్తది:
నాయి పద్నాలుగు వేలు,
మండ్లి ఈదయ్యది సున్న.

ఈదయ్యకు అక్షరం రాదు.
అప్పాపూర్ పెంటల చెట్టు దిగి
తేనెకు ఐదు పేర్లు చెప్పిండు,
ఏ పూత కాలంల ఏ తేనో విడమర్చి.
నర్సింగోజు భార్గవి
మోకాలి మీద నోట్‌బుక్ పెట్టుకోని రాసింది.
ఫైల్ల భార్గవి ఉంటది,
చెప్పిన నోరు ఉండది.
అందుకే ఒక్క మాటకు రెండు పేర్లు పెట్టిన:
చెప్పినోరు, రాసినోరు.

నారాయణపేట గోరేమియా
రెండు రాత్రులు మేల్కోని
ఒక్క పొల్లు తీసేసిండు.
నాలుగొందల తప్పులు
నానిన గోడ సున్నం లెక్క రాలిపోయినయ్.

మర్రిగూడ దిక్కు దోనూరి ముత్తమ్మ,
నీళ్లు తాగి తాగి బిగుసుకపోయిన కీళ్లతోని
ఒక్క వేలుతో కొట్టి పంపింది
సప్పనీళ్లు, సౌడునీళ్లు, జాలునీళ్లు.
మాటకు మాటకు నడుమ
ఎంత సేపు పట్టిందో
ఏ లెక్కల్నూ ఉండది.

చింతపులుసు అనే మారుపేరుతోని ఎవరో
అర్ధరాత్రి మెయిలు కొట్టిండు:
"నా పాత కంప్యూటర్ల మీ సరుకు పండుకుంటున్నది.
చేతగాకుంటె చెయ్యకున్రి."
వారం దినాలు తిట్టుకున్న.
ఎనిమిదో నాడు చూస్తె
ఆయన చెప్పిందే నిజం.
మొహం తెల్వదు, ఊరు తెల్వదు.
చింతపులుసన్నా, శనార్తి.

వేముల పరంజ్యోతి కాడ
చెయ్యి ఆగింది.
"యాస యాసే, నిఘంటువు నిఘంటువే" అని
మూడేండ్ల కింద అలిగి పోయిండు.
పోయిండు గాని
సంధి విడగొట్టే పని
ఇయ్యాల్టికీ ఆయన రాసినట్టే నడుస్తది.
మేస్త్రి అలిగి పోతె
కట్టిన గోడ ఎంట పోతదా?
రాసిన.
పేరు ఎన్క సారు అని కూడా రాసిన.

ఒంటిగంటకు ఫైలు నిండింది,
నలభై ఒక్క పేర్లు.
మా ప్రోగ్రాంలనే తెరిస్తె
ముందు నవ్వొచ్చింది, ఎన్క సిగ్గొచ్చింది.
ఈదయ్య కింద ఎర్రగీత.
గోరేమియా కింద ఎర్రగీత.
నర్సింగోజు, దోనూరి, రమావత్,
అన్నిటి కింద.
వీళ్లు నేర్పిన మాటలన్ని తెలుసు దానికి,
వీళ్లే తెల్వదు.

ఒక్కొక్క పేరు మీద నొక్కి
"నిఘంటువుల చేర్చు" అన్న.
నలభై ఒక్కసారి.
గీత మాయమైనప్పుడల్లా
భుజం మీది తువ్వాలతోని కుర్చీ తుడిచి
కూసోమన్నట్టు అనిపించింది.

తెల్లారి ప్రింటు తీసి
షట్టర్ పక్క గోడకు అతికించిన.
ఆధార్ జిరాక్స్‌కు ఒచ్చినాయన
మెడ చాపి చూసి
"ఏం రిజల్టు సారూ, ఎవరు పాసైన్రు?" అన్నడు.
నాకు మాట దొరకలే.

పదిన్నరకు ఫోను.
చందంపేట దిక్కు తండా నుంచి,
సిగ్నల్ కోసం గుట్టెక్కినట్టున్నది, గాలి చప్పుడు.
అరవై రెండు మాటలు పంపిన పిల్ల.
"అన్నా, ఫొటో చూసిన.
నేను సక్రి కాదు, సక్రీ.
దీర్ఘం మర్సినవ్."

చూసిన. నిజమే.
తప్పు పేరునే ఒప్పని నేర్పినంక
ఎర్రగీత ఎట్ల పడ్తది?

గిరాకిని జరసేపు ఆగమని
దీర్ఘం పెట్టిన.
సరిదిద్దింది ఎవరు అని అడిగింది యంత్రం.
రమావత్ సక్రీ అని కొట్టిన.

అరవై మూడు.