అరగోళీ

మా పిల్లి పేరు జర్దా.
బీడీల తంబాకు రంగే దాని రంగు.
చాటల పండి తునికాకు నిండ ఎంటికలు రాల్చేది.
టేకేదారు కట్ట ఇప్పి చూసి
ఏందమ్మా లసుంబాయీ, బీడీలకు మీసాలు మొలిచినయి అని
గుప్పెడు తీసి పక్కకు పారేసేటోడు.

ఐలాపూర్ రోడ్డు కుక్కలు తొడ పట్టి గుంజినయి దాన్ని.
మూడొద్దులు మంచం కిందనే, మూలుగు కూడ లేకుంట.
తొడ మీద నిమ్మకాయంత గడ్డ. చీము వాసన.
బుట్టల ఏసి, మీద గుడ్డ కట్టి
కోరుట్ల పశుల దవాఖానకు పట్కపోతే
బర్రె కడుపుల మోచేతి దాంక చెయ్యి పెట్టి ఉన్న డాక్టరు
తలకాయ తిప్పకుంటనే చెప్పిండు:
గోళీని నడిమికి ఇరువు.
పొద్దుగాల సగం, పొద్దుమూకి సగం.
ఏడు రోజులు.
గంతేనా సారూ అన్న.
గంతే అన్నడు. నవ్విండు.
ఆ నవ్వు ఎందుకో ఇంటికొచ్చినంక ఎరుకైంది.

నలభై ఏండ్లాయె,
రోజుకు ఎయ్యి బీడీల మూతులు మలిచిన వేళ్లివి.
ఆకు చినగకుంట, పొడి రాలకుంట,
చీకట్ల కూడ మలుస్తయి.
ఒక్క పిల్లి మూతి తెరిపియ్య చాతకాలె.

మొదటి రోజు తువ్వాలల చుట్టిన
పసిపిల్లను చుట్టినట్టు.
పసిపిల్లకు పద్దెనిమిది గోర్లుంటయా!
గోళీ నా కొంగుల, నెత్తురు నా మణికట్టు మీద,
పిల్లి సజ్జ మీద.

రెండో రోజు పరకచేప పొట్టల పెట్టిన.
చేపను తిన్నది. పొట్టను తిన్నది.
గోళీని మాత్రం కడిగి ఆరబెట్టినట్టు
తెల్లగ గచ్చు మీద ఇడిసిపెట్టి పోయింది.

మూడో రోజు మా ఆయన నేను పడ్తనన్నడు.
ఆయన సంగతి చెప్ప.
ఇప్పటికీ కుడిచెవు ముట్టనియ్యడు.

అప్పటికే దానికి అన్నీ తెలుస్తున్నయి.
దండెం మీంచి తువ్వాల తీస్తే పరార్.
గోళీల పట్టీ చిటుక్కుమంటే పరార్.
చెప్పులిడిసి మెల్లగ నడిస్తే మరింత పరార్.
మెల్లగ వచ్చేటోళ్లను నమ్మొద్దని
దానికి ఎవరు చెప్పిన్రో.

అందుకని పట్టీ ఇంట్ల ఇప్పుడు బందు వెట్టిన.
పక్కింటి షాహెదా వాళ్లింట్లనే చించేది,
చెంచా వీపుతోని నూరేది,
కాయితంల పొట్లం కట్టి గోడ మీంచి అందించేది
దొంగసారా అందించినట్టు.
ఖాయీ క్యా? అని గోడ అవతల గుసగుస.
లేదు.
ఒక నిట్టూర్పు. మల్లొక పొట్లం.

ఐదో రోజు రాత్రి కరెంటు పోయింది.
ఉక్కపోతకు వాకిట్ల కూసున్న.
చెమట తుడుసుకుందామని చెయ్యి మొఖం కాడికి తెస్తే
నా చెయ్యి వాసన నాకే కొట్టింది.
నలభై ఏండ్ల తంబాకు.
ఈ చేతులతోని అన్నం కలిపి పెడ్తే
మా సరూప చిన్నప్పుడు మూతి అటు తిప్పుకునేది.
గదుమ పట్టి కుక్కిన.
టేకేదారు వచ్చే యాళ్లాయె, ఎయ్యి నిండాలె అని.
అది మింగింది. ఏడ్వలే.
మింగిందా లేదా, అదొక్కటే చూసిన.
కండ్లు చూడలే.

లేసి చింతపండుతోని, సబ్బుతోని, బూడిదతోని
మూడు మార్లు కడిగిన.
మీగడల పొడి కలిపి వేలుకు రాసుకొని
చెయ్యి నేల మీద పెట్టి
మొఖం పక్కకు తిప్పుకొని కూసున్న.
ఎంతసేపో.
దోమలు కుట్టినయి, కదలలే.
దూరంగ నిజామాబాదు బస్సు హారన్.
ఆఖరుకు
ఆకురాయి అసొంటి నాలుక
వేలు కొసకు తగిలింది.
ఆగింది. చేదో ఏమో.
మల్లొకసారి.

అంతా తిన్నదని అనగని.
పద్నాలుగు సగాలల్ల కడుపుల పడ్డయి ఐదో ఆరో.
మిగిలినయి ఊడుస్తుంటే ఇంకా దొరుకుతున్నయి,
సజ్జ మీద ఒకటి, మా ఆయన చెప్పుల ఒకటి.
గడ్డ పగిలి మానింది. జర కుంటుతది.

నిన్న సరూపకు ఫోన్ చేసిన.
ఏం తిన్నవే అన్న.
చెప్పింది. సగంల అడ్డం రాకుంట ఇన్న.
జర్దా ఎట్లున్నదే అమ్మా అన్నది.
చాటల పండింది,
రేపటి బీడీలకు మళ్ల మీసాలే అన్న.