పడవ లేని తెడ్డు

మంగళవారం, ఆరో పీరియడ్. ఫ్యాను తిరగదు.
రేవులో పంటు కూత పెడితే చాలు
పదో తరగతి బి సెక్షన్ మొత్తం కిటికీ వైపు ఒరుగుతుంది,
బరువంతా ఓ పక్కకి చేరిన నావలా.

నా ఫోనులో ఓ చైనా ముసలాయన.
తెల్లటి గడ్డం, చేతిలో తెడ్డు.
పడవ లేదు. ఏరు లేదు.
వేదిక మీద చుక్క నీరు లేదు.
ఉత్త చెక్కనేల మీద మోకాళ్ళు వంచుతాడు, లేస్తాడు,
వంచుతాడు, లేస్తాడు.
ఒడ్డు మీంచి ఓ అమ్మాయి అడుగు వేసిందో లేదో
ఇద్దరూ ఊగిపోతారు,
ఒకరు లేస్తే ఒకరు దిగుతూ.

"సిలబస్సులో ఉందాండీ మేడమ్?"
లేదురా.
పన్నెండేళ్ళుగా సుద్దతో రాసి, చెరిపి, మళ్ళీ రాసి
నేను మీకు అందించలేకపోయిన
ప్రెజెంట్ కంటిన్యువస్ ఇది.
చేస్తున్నవాడు చేస్తూనే ఉన్నాడు, చూడండి.

ముందు మొహాలు.
కుంకుమ రాసుకుంటే నమ్మకస్తుడు.
మసి పూసుకుంటే ముక్కుసూటి మనిషి.
తెల్ల పౌడరు కొడితే కుట్రదారు.
సువార్త లేచింది.
"తెలుపు మోసగాడికాండీ?"
వాళ్ళ నాటకంలో అంతేనమ్మా.
ప్రతి వార్షికోత్సవానికీ వెనక వరసలో నిలబెట్టిన పిల్ల,
మధ్యాహ్న భోజనం గుండిగ అడుగు తడిమి వచ్చి
రెండు చెంపలకీ పులుముకుని
"ఐ యామ్ ద జడ్జ్" అంది.
"ఐ యామ్ నాట్ టెల్లింగ్ లైస్."
నా ఎర్ర పెన్ను మూత తెరుచుకోలేదు.

మా నాన్న హార్మోనియం మెట్లు అరిగినవి.
ఆయన పద్యం ఎత్తుకుని
ఊపిరి ఆఖరయ్యేదాకా రాగం లాగితే
తెల్లారుజామున కొబ్బరిచెట్ల చీకట్లోంచి
గోనెపట్టాల మీద కూర్చున్నవాళ్ళు
అరిచేది ఇంగ్లీషే:
వన్స్ మోర్!
బడి గడప తొక్కనివాళ్ళు.
ఎవరు నేర్పారు వాళ్ళకి?
ఈ మాట నాకు ఇన్నేళ్ళూ ఎందుకు తోచలేదో.

పంద్రాగస్టు జెండాకర్ర తెడ్డయింది.
హేమసుందర్ వేస్తున్నాడు, పప్పు కలిపినట్టు.
జయప్రియ పడవెక్కింది, ఆర్టీసీ బస్సెక్కినట్టు.
అందరూ నవ్వారు, లోవరాజు తప్ప.

లోవరాజు. ఆఖరి బెంచీ.
వాళ్ళ నాన్న పంటు మీద సరంగు.
పొద్దున్నే రెండు ట్రిప్పులకి తాళ్ళు విసిరి
అరచేతుల్లో ఆ గరుకుతోనే బడికి వస్తాడు.
ఏడాదంతా అతని ఇంగ్లీషు ఒక్క ముక్కే:
"ప్రెజెంట్, మేడమ్."
మిగతాదానికంతా "ఆయ్."

"నో."
ఎవరన్నారో నాకు వెంటనే అందలేదు.
"బోట్ నాట్ లైక్ దట్."
జెండాకర్ర లాక్కున్నాడు.
బండల మీద కాళ్ళు ఎడంగా పెట్టాడు,
కిందెక్కడో పోటు మొదలైనట్టు.
జయప్రియని పిలిచాడు. "కమ్. స్లోలీ."
ఆమె కాలు మోపింది.
"నౌ బోట్ ఈజ్ గోయింగ్ డౌన్."
వంగాడు.
"నౌ యూ ఆర్ గోయింగ్ డౌన్."
ఆమె వంగింది.
"నౌ... నౌ రివర్ ఈజ్ థింకింగ్."

గదిలో ఎవరూ కదల్లేదు.
నేను కూడా, టేబుల్ అంచు పట్టుకుని.
అప్పుడు మెల్లిగా ఇద్దరూ లేచారు,
ఒకరి తర్వాత ఒకరు,
మా వైనతేయ మీద తప్ప
ఇంకెక్కడా అలా లేవరు.

వెనకనించి ఓ గొంతు, బొంగురు పోతున్న వయసుది:
"వన్స్ మోర్!"
ఆ పిల్లాడికి మా నాన్న తెలీదు.

మళ్ళీ ఎక్కించాడు. ఈసారి నలుగుర్ని.
సువార్త మసిమొహంతో ముందు కూర్చుంది.
బెల్లు కొట్టారు.
పక్క సెక్షన్ వాళ్ళు సంచులతో వరండాలో పరుగు.
ఇక్కడ ఒక్కరూ దిగలేదు.
"వెయిట్," అన్నాడు లోవరాజు, "రేవు ఈజ్ కమింగ్."
రేవుకి ఇంగ్లీషేమిటో అడగలేదు, నేనూ చెప్పలేదు.

తాడు విసిరాడు నా వైపు.
తాడు లేదు.
పట్టుకున్నాను,
సుద్దముక్క ఉన్న చేత్తోనే,
ఏ రాటకి కట్టాలో తెలియక.