తరుగు

రుషికొండ మీద మూడో అంతస్తు.
కిటికీలో సముద్రం, తెర మీద మా కాటా.
ప్రోగ్రాం ఒక్కటే, తూచే చోట్లు నలభై ఒకటి.
అనకాపల్లిలో బెల్లం దిమ్మెలు తూస్తుంది,
గాజువాకలో తుప్పు ఇనుముని లారీతో సహా,
జగదాంబ దగ్గర ఒక కొట్లో
గురిగింజెత్తు తేడా కూడా ఒప్పుకోదు.

మూలం ఒకటి, మీటలు రెండువందల పన్నెండు.
ఏది వేస్తే ఏది ఆరాలో
సగం గోడ మీది పటంలో ఉంది,
సగం శేషగిరి గారి బుర్రలో.
ఆయన పోయినేడు రిటైరయ్యారు.

"కొట్టుకో ప్రతి విడగొట్టేద్దాం మేడమ్," అన్నాడు
కొత్తగా చేరిన ఇలియాజ్.
చేశాం నాయనా, ఒకప్పుడు.
ఒక్క చిల్లు పూడ్చడానికి
నలభై ఒక్క పడవలెక్కాం.

మంగళవారం తెల్లారగట్ల
ఫిషింగ్ హార్బర్ నుంచి ఫోను.
వేలం కేకల మధ్య అర్జిల్లి పోలమ్మ గొంతు:
"ఏటమ్మా, నా వంజరం
మీ మిషనెక్కితే సిక్కిపోతందేటి?"

వందకి రెండు కేజీలు, ప్రతిసారీ, కచ్చితంగా.
తప్పు కూడా అంత క్రమశిక్షణగా ఉంటే భయమేస్తుంది.

వెతికాను.
ఐసు పెట్టె బరువు తీసేసే మీట
శనివారం మేమే వేశాం.
అది వెలుగుతూ పక్కనున్న చెమ్మ తరుగుని లేపింది.
పెట్టె ఉంటే తరుగుంటుందని
పదేళ్ళ కిందటి వరుస ఒకటి,
బెల్లం తప్ప మాకింకేమీ తెలియని రోజులది.
శేషగిరి గారికి ఫోన్ చేస్తే
"ఏ పెట్టె?" అన్నారు.

విడివిడిగా రెండూ పరీక్ష నెగ్గినవే.
అన్ని కలయికలూ చూడాలంటే
భీమిలి దాకా ఉన్న ఇసుక చాలదు, నిజమే.
జతలైనా చూడొచ్చు కదా.
చూడలేదు.

మధ్యాహ్నం హార్బర్‌కి వెళ్ళాను.
సరిచేశానని చెప్పినా పోలమ్మ వినలేదు,
తట్ట అడుగునించి ముద్ర చెరిగిన
అయిదు కేజీల ఇనుప గుండు తీసి
నా కాటా మీద పెట్టింది.
అయిదు.
మళ్ళీ పెట్టింది. అయిదు.
"మూడ్రోజులది నాకు రావాల," అంది, వేళ్ళు మడిచి.
ఇప్పించాను.

రాత్రి ఆ వరుస మార్చాను:
పెట్టె వేరు, తరుగు వేరు,
సరుకు బెల్లమైతేనే రెండూ జత.
కింద 'కారణం' అని ఒక గడి,
ఎప్పుడూ ఖాళీగా వదిలేసేది.
అందులో ఆమె పేరు రాశాను.