పదకొండు అడుగులు

మృగశిర వచ్చి వారమైంది, చినుకు లేదు.
వెలిగండ్ల మెట్ట మీద పొద్దు
చిల్లచెట్టు ముల్లు లాంటిది,
ముందు గుచ్చుకుంటుంది, తర్వాత కనబడుతుంది.

"చుట్టుదారి, సర్వేరమ్మా.
ఎన్ని మైళ్లో నేనెప్పుడూ కొలవలా,
గొర్రెలకు తెలుసు."
మంద దడి దగ్గర యంత్రం మీట నొక్కాను.
మాలకొండయ్య కంబడి భుజానేసుకుని
నా చెప్పుల వంక ఒకసారి చూసి, ఏమీ అనకుండా నడిచాడు.

హద్దురాయి అనుకుని నంబరు వెయ్యబోయాను.
దగ్గరికెళితే మనిషి.
ఎత్తిన చెయ్యి, చేతిలో బాకు,
కాలి కింద పులో కుక్కో,
ముఖం మాత్రం అరిగి నున్నటి చెంప.
"మావోడే. మేకల కోసం పులి మీదికి పోయాడంట."
ఏ కాలంలో?
"మా తాత తాతకి కూడా ముసిలోడే."
ఈలోపు ఓ మేక వచ్చి
వీరుడి ముక్కు ఉండాల్సిన చోట
తీరిగ్గా వీపు గోక్కుంది.

పడమటి గాలి మొదలైంది.
బోదగడ్డి అంతా ఒకే వైపు దువ్వినట్టు పడుకుంది,
నా గొడుగు తిరగబడింది, అతను నవ్వాడు.
పళ్ల మీద గోధుమరంగు చారలు,
ఈ నేల నీళ్లు రాసిన రాత.

వాగు దాటాక రాకాసి గూళ్లు.
వలయంగా గుండ్లు, నడుమ నాలుగు పలకల గది,
తూర్పు పలకకి తలదూరేంత గుండ్రటి కంత.
కప్పురాయి లేదు.
అదెక్కడుందో ఊరంతటికీ తెలుసు,
బడి ముందు మెట్టయింది,
దాని మీద నిలబడే పిల్లలు ఎక్కాలు చెబుతారు.
"మూడేళ్లనాడు తుపానులో
ఈనే గొర్రెని ఇందులోకి తోశా.
సచ్చినోళ్ల ఇంట్లో పుట్టింది గదా,
రాకాసి అని పేరు పెట్టా."
ముందు గంట కట్టుకుని నడిచేది అదే.
పిలిస్తే వెనక్కి చూసింది,
పేరు నచ్చినట్టే ఉంది.

నా పట్టికలో గడులున్నాయి:
మెట్ట, బీడు, డొంక, వాగు, శ్మశానం.
పెన్ను చివర కొరుక్కుంటూ కాసేపు నిలబడి
పోరంబోకు అని రాశాను.

మధ్యాహ్నం సద్దరొట్టె, మిరగాయ తొక్కు.
రేణి చెట్టు నీడ చిల్లర పైసలంత.
ఆనుకున్న బండకి అక్షరాలున్నాయని
వీపుకి గుచ్చుకున్నాక తెలిసింది.
పైన సూర్యుడు, పక్కన నెలవంక,
కింద ఇరవై వరసలు, ఒక్కటీ అంతు చిక్కదు.
డిప్లొమా చదివిన నాకూ, వేలిముద్ర అతనికీ
ఆ రాయి వేసిన మార్కులు సమానం.
వాటన్నిటి మీదుగా నీలిరంగులో
బోర్లు వేయబడును, ఒక ఫోన్ నంబరు.
"ఆ నంబరుకి రెండుసార్లు చేయించా," అన్నాడు,
"రెండూ ఎండినాయి."

తిరుగుదారిలో మాటలు తగ్గాయి.
కనిగిరి కొండ కుడిపక్కకి వచ్చింది,
మేం తిరిగామో, అదే జరిగిందో.
మడమకి బొబ్బ.
పొద్దు వాలేసరికి దడి కనబడింది, మీట నొక్కాను.

గీత కలవలేదు.
మొదలుకీ చివరకీ మధ్య పదకొండు అడుగులు.
ట్రైనింగులో సారు చెప్పేవాడు,
ముగింపు తేడా వస్తే భయపడొద్దు,
అన్ని మజిలీలకీ తలా కాస్త పంచెయ్యి, కలిసిపోతుంది.
సరే, వీరుణ్ణి ఒక అడుగు జరుపుదామా,
రాకాసి గూటిని రెండడుగులు?
తెరను గోటితో గీకుతూ కూర్చున్నాను.

మాలకొండయ్య వంగి చూశాడు,
నవ్వుకి ఈసారి దగ్గొచ్చింది.
"తప్పు నీ పెట్టెది గాదమ్మా.
పొద్దున మంద అక్కడుండె. మధ్యాన్నం పిలగాడు దడి జరిపాడు.
రోజూ జరపాల్సిందే,
లేకుంటే పెంటంతా ఒక్కచోటే పడుద్ది,
మిగతా చేను ఏం తినాలా?"

చూపించాడు, నిన్నటి చోటు,
తడి నల్లటి చదరం, గుంజల గుంతలు.
దాన్ని ఆనుకుని ఇవాళ్టి దడి.
అటు పక్క రేపటిది,
ఇంకా ఉత్త ఎర్రమన్ను.

గీతను కలపకుండానే దాచాను.
ఆఫీసులో అడుగుతారు, అడగనీ.
గంట చప్పుడు చేసుకుంటూ రాకాసి వచ్చి
నా సంచి వాసన చూసి
ముందు కాళ్లు మడిచింది.