తెల్లచొక్కా

పెరంబూరు బ్యారక్స్ రోడ్డులో మెట్ల కింద గది.
ఒక కంప్యూటరు, ఒక ఫ్లెక్స్ మిషను,
తెల్లారేసరికి కావాలనే చావులు.
పెళ్ళి బ్యానరుకి బేరమాడతారు.
దీనికి ఆడరు.

మొహాలు ఫోనులో వస్తాయి.
ఆధార్ కార్డులో ఉలిక్కిపడ్డ మొహం,
ఎవరి సీమంతంలోనో, ఎవరి మల్లెపూల వెనకో సగం మొహం.
ఆస్పత్రి మంచం మీద కళ్ళు మూసినది కూడా పంపి
తెరవమంటారు.
తెరుస్తాను. ఆ పనొక్కటీ వచ్చు నాకు.

అందరూ మెడ దాకానే వస్తారు.
కింద అతకడానికి నా దగ్గరొక ఒళ్ళుంది:
తెల్లచొక్కా, జరీ కండువా, జోడించిన చేతులు.
ఫైలు పేరు బాడీ ఒకటి. రెండు ఎప్పుడూ లేదు.

ఆ ఒళ్ళు నాదే.
పదకొండేళ్ళ కింద, షాపు తెరిచిన వారం,
అద్దె చొక్కా తొడిగి గోడకి నిలబెట్టి తీశాడు మా తమ్ముడు.
అప్పట్నించీ పుళియాంతోపులో, వ్యాసర్పాడిలో
ఎన్నిసార్లు పోయానో లెక్క లేదు.
పదహారో రోజు దాటాక నన్ను విప్పి
ఇడ్లీ బండికి ఎండ కాయకుండా కడతారు.

మంగళవారం దేశమ్మ వచ్చింది.
తెర వంక చాలాసేపు చూసి
"మొహం మునిరత్నానిదే," అంది. "చేతులు కాదు.
అంబత్తూరులో ప్రెస్సు మిషను రెండు వేళ్ళు తినేసింది,
కుడిచేతి ఉంగరం వేలూ చిటికెన వేలూ.
మిగిలిన వాటితోనే నా ముక్కుపుడక మర బిగించేవాడు.
ఇంకెవరి చేతులతోనో దణ్ణం పెట్టించకు నాయనా."

నాలుగు వందల శాతానికి పెంచాను.
నా గోటి కింద అప్పటి సిరా మరక ఇంకా ఉంది.
చెరిపాను.
నొప్పి లేదు. ఎందుకుంటుంది?
కాకపోతే, వెనకున్న ఎడమచేతి వేళ్ళు రెండు
కుడివాటి చాటున ఉండి ఫొటోలో పడనే లేదు,
వాటిని కొత్తగా గీయాల్సొచ్చింది,
ఆనుకోడానికేమీ లేక గాలికి నిలబడ్డట్టు.

దేశమ్మ కొంగుతో తెర తుడిచింది.
"ఆఁ, ఇప్పుడు," అంది.
చిల్లర లెక్కపెట్టి ఇచ్చి వెళ్ళిపోయింది.

పాత ఫైలు మీదే సేవ్ చెయ్యాలా అనడిగింది మిషను.
జవాబివ్వకుండా టీకి వెళ్ళాను.
గ్లాసు పట్టుకోడానికి ఎన్ని వేళ్ళు కావాలో
చూసుకుంటూ తాగాను.

రాత్రి పదకొండింటికి ఇంకో మొహం వచ్చింది,
కొరట్టూరు నించి. పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ.
ఎప్పుడూ ఎవర్నీ అడగనిది అడిగాను:
ఆయన చేతులెలా ఉండేవి?

టైపింగ్ అని చూపిస్తూ ఉంది ఫోను.
ఆగింది. మళ్ళీ టైపింగ్.