ఊడ్చిన నేల

ముందుగాల చీపురు ముచ్చట చెప్త.
ఈత చీపురు, పిడి కాడ సైకిల్ ట్యూబు చుట్టింది.
రోజూ ప్రార్థన కంటే ముందు
పోరలు బడి చుట్టూ ఊడ్వాలె.
మేశ్రాం గురూజీ పెట్టిన రూలది.
"చదువు చెప్పమంటే చాకిరి జేపిస్తున్నడు" అని
లాల్సు నాయిన ఓసారి కొట్లాటకొచ్చిండు.
నేను ఖిచిడీ వండే మనిషిని,
పొయ్యి మీదికి దుమ్మొస్తుందని
నేను గూడ తిట్టిన.

గడ్డిపోస మొలవని బడి మాది.
కబడ్డీ ఆడీ ఆడీ
నేల గుండు గీయించుకున్నట్టుండేది.
వాగవతలి ఆశ్రమశాలను చూడాలె,
గ్రాంటు పైసలతోని పచ్చిక,
దాని పొంట వెదురు దడి.
సిరొంచ నుంచి సార్లొస్తే
ఆడనే ఫోటోలు దిగి పోయేటోళ్ళు.

ఇప్పపూలు రాలే రోజులు.
ఎండుటాకులల్ల పువ్వు కండ్లబడదని
చెట్టు కింద చిన్న నిప్పు పెడ్తరు.
తెల్లారి నల్లటి నేల మీద
నానిన సాబుదాన లెక్క మెరుస్తయి పూలు.
తాతల నాటి సంది ఇదే పద్ధతి.
ఆనాటి గాలే
తాతల నాటిది గాదు.

పొద్దు గూకింది.
రేపటికి వటాణాలు నానబోసి తాళమేస్తున్న.
ముందు మంట రాలేదు, చప్పుడొచ్చింది.
వెదుర్లు పేలుతుంటే
ఎవలదో పెండ్లి అనుకున్న.
ఒక కుందేలు నా కాళ్ళ సందుల నుంచి ఉరికి
వంటగదిల బియ్యం మూటెక్కింది.
అప్పుడు చూసిన గుట్ట దిక్కు.

బోరింగు మూడు దంపులకు ఒక చెంబు.
గంజులు, బకెట్లు, ఆఖరికి
పోరల పలకలడిగే డబ్బా గూడ వరుసల నిలబడ్డది.
మొగోళ్ళు పచ్చి తునికి కొమ్మలతోని
మంటను పామును కొట్టినట్టు కొట్టిండ్రు.
"నీళ్ళు, నీళ్ళు" అని అరుస్తున్నడు గురూజీ,
పన్నెండేండ్ల సంది మాతోని
మరాఠీ తప్ప మాట్లాడని మనిషి.

మంట గీత దాకొచ్చింది.
కూత పట్టినోని లెక్క అటురికింది, ఇటురికింది.
ముట్టనీకి ఒక్క ఆకు దొరకలేదు.
దమ్ము తెగి
ఆడనే కూలబడ్డది.

పచ్చికున్న బడికి అంత సులువు గాలేదు.
దడి పొంట పాకి కిటికీ రెక్కలు పట్టింది నిప్పు.
ఆడపిల్లలే చద్దర్లు హౌజుల ముంచి
రెక్కల మీద కప్పిండ్రు, ఊపిరాడని దాకా.
గోడలు మిగిలినయి. పెంకులు నెర్రెలిచ్చినయి.
రాత్రి ప్రాణహిత ఇసుకల పండబెట్టి
వార్డెను జైవంతిబాయి లెక్కబెట్టింది.
అరవై రెండు, అరవై రెండు,
మూడోసారి అరవై మూడు.
ఎవలో చిన్నది నిద్రల చోటు మారింది.
ఎక్కువొచ్చిందని ఏడ్చింది ఆమె.

తెల్లారి గార్డు రిజిస్టరు తెరిచిండు.
"మౌశీ, నిప్పెవరు పెట్టిండ్రు?"
నా మరిది ఓదెలుకు అరచేతినిండ బొబ్బలు.
ఆర్పిన చేతికీ అంటించిన చేతికీ
బొబ్బ ఒక్కతీరుగనే లేస్తది.
నేను వటాణాలు కడుగుతున్న.
తలెత్తలేదు.

గార్డు పోయినంక చీపురు కోసం చూస్తే
మూలకు లేదు.
ఓదెలు ఊడుస్తున్నడు, ఎడమ చేతితోని,
ఎవలితోని మాట్లాడకుంట.
పోరలు ఒక్కొక్కలొచ్చి నిలబడి చూస్తున్నరు,
తమ పని ఇంకొకలు జేస్తుంటే
ఏం జేయాల్నో తెల్వక.
బూడిద కింద నుంచి
మెల్లగ గీత తేలింది.

కుందేలు సంగతి మర్చిపోయిన.
రాత్రంత బియ్యం మూట మీదనే ఉన్నది.
తలుపు తెరిచి పెట్టిన.
చాలాసేపటికి దిగి,
ముక్కు అదురుతుంటే వాసన చూసుకుంట,
ఊడ్చిన కాడి వరకు పోయి
ఆగింది.